రెండు స్టోర్ల మధ్య గేటు

సైన్యం నుంచి వచ్చాక నాకు దొరికిన పోస్టింగ్ గోదావరిఖని దగ్గర ఓపెన్‌కాస్టు గని గేటు కాపలా. మే నెల, మొదటి షిఫ్టు. చేతిలో లాఠీ, నడుముకు వాకీటాకీ. కుడివైపు కంపెనీ స్టోరు, ఎడమవైపు మట్టి తీసే ప్రైవేటు కాంట్రాక్టరు షెడ్డు. ఆర్డరు ఒకటే: ఇటు సామాను అటు పోకూడదు.

కంపెనీలో ఏది కొనాలన్నా టెండరు, పరీక్ష, సంతకాలు. గేరుబాక్సు కోసం కంపెనీ వాటర్ ట్యాంకరు ఎండలో నిలబడి ఉండేది. కాంట్రాక్టరు మేనేజరు ఫోను చేస్తే చాలు, టీ తాగేలోగా సామాను బైకు మీద దిగేది. మొదట్లో ముచ్చటపడ్డాను. సరిహద్దులో మా మంచుబూట్లు మంచు కరిగాక వచ్చేవి మరి!

ఒకరోజు కాంట్రాక్టరు టిప్పరు డ్రైవరొకడు తన బండికి వేసిన బ్రేకు లైనరు ఒకటి తెచ్చి గోటితో గీకాడు. పొడి రాలింది.

"నకిలీ మాల్ అన్నా. మట్టిగుట్ట దిగుతుంటే బ్రేకు పడుతలేదు. మేనేజర్‌కు చెప్తే, సగం ధరకే సస్తల దొరికింది, నడుపు అంటుండు."

కంపెనీ ట్యాంకరుదీ అదే మోడల్. దాని అసలు లైనర్లు కంపెనీ స్టోరులో ఊరికే ఉన్నాయి. అందరూ కాకా అని పిలిచే కంపెనీ మెకానిక్ ఆ డ్రైవరును స్టోర్ల ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను.

"సార్, పిలగాని పానం మీదికొచ్చింది. ఒక జత ఇయ్యుండ్రి."

ఆఫీసరు మంచివాడే.

"సర్కారు సొమ్ము కాకా. ఇయ్యాల ఒక జతిస్తే రేపు స్టోరంత కాంట్రాక్టర్ షెడ్డుకే పోతది. ఆ బండి ఆపుమని మేనేజర్‌కు నేను చెప్త."

అప్పుడే ఫోను చేసి చెప్పాడు కూడా. బండి ఆగలేదు. ఆఫీసరు మాటలో తప్పు నాకు ఇప్పటికీ దొరకలేదు. నా కోపమంతా అదే.

"నడపకు తమ్మీ," అన్నాను.

"నేను దిగితే ఇంకొకడు ఎక్కుతడన్నా. నా పని పోతది. బండి గట్లనే నడుస్తది."

మర్నాడు మధ్యాహ్నం వాకీటాకీలో అతని గొంతు.

"గేటూ! బ్రేకు పడుతలేదు. మనుషులను జరుపుండ్రి, జల్ది!"

అందరినీ జరిపాను. టిప్పరు మట్టికట్టకు గుద్దుకుంది. సాయంత్రంలోగా కాంట్రాక్టరు మిగతా బండ్లన్నిటికీ అసలు లైనర్లు బైకు మీద దిగాయి.

వానలు మొదలయ్యాక ఉద్యోగం మాని పెద్దపల్లి ఇంటికి వచ్చేశాను. సైన్యంలోనూ చావులు చూశాను. అక్కడ శత్రువు ఎవరో తెలిసేది. ఇక్కడ ఎవరిని తిట్టుకున్నా ఏమీ మారదు, ఆ గుట్ట మీద బండ్లు నడుస్తూనే ఉంటాయి. క్యాబిన్ తలుపు కోసి తీసినప్పుడు చూసింది ఒక్కటే కళ్లముందు నుంచి పోదు. అతని ప్రాణం ఎప్పుడో పోయింది. కుడికాలు మాత్రం బ్రేకును ఇంకా నొక్కిపట్టే ఉంది.