ఆఖర్కు ఏమెక్కిచ్చిండ్రు?

కల్వకుర్తి బస్టాండు ఎదుట కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు ఒక అలవాటుండేది. మనం తెచ్చినదాన్ని ముట్టుకోకుండా, ముందు చేతులు కట్టుకొని "దీంట్ల ఆఖర్కు ఏమెక్కిచ్చిండ్రు?" అని అడిగేవాడు. "ఏం ఎక్కియ్యలే" అంటే నమ్మేవాడు కాదు.

"దానంతటదే ఖరాబ్ కాదు. జర యాది చేస్కోండ్రి" అని, మనం ఒప్పుకునేదాకా అట్లాగే నిలబడేవాడు.

ఒకసారి పదో తరగతి మార్కులు పంపాల్సిన ఆఖరి రోజు వచ్చింది. పొద్దున మా బడి కంప్యూటర్లో మార్కుల సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. వారం కిందట ఎట్లా ఉండెనో అట్లా వెనక్కి తిప్పుదామని మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ కుదరదు పొమ్మంది. సీపీయూను ఆటోలో వేసుకొని ఆయన దగ్గరికి పోయాను.

అదే ప్రశ్న. నాదీ అందరి జవాబే.

"సదువు చెప్పేటోళ్లు, మీరు గూడ దాస్తే ఎట్ల సార్?" అన్నాడు. దుకాణం నిండా జనం. నాకు తల కొట్టేసినట్టయింది.

చివరికి తెరిచి, ఎక్కించినవాటి జాబితా చూశాడు. ఒక యాంటీవైరస్ దగ్గర ఆయన వేలు ఆగింది. వెనక్కి పోనివ్వకుండా అడ్డుపడుతున్నది అదే.

"గిది నేనే ఎక్కిచ్చిన సార్," అందరికీ వినబడేలా అన్నాడు. "పోయిన నెల బాగుచేయనీకి తెచ్చిండ్రు గదా, గప్పుడు."

దాన్ని తీసేశాక కంప్యూటర్ మాట విన్నది. సాయంత్రానికల్లా మార్కులు పంపేశాం.

మళ్లీ పోయినప్పుడు కూడా ఆయన చేతులు కట్టుకునే నిలబడ్డాడు. ప్రశ్న మాత్రం వేరే.

"జర యాది చేస్కోండ్రి సార్. దీన్ని ఇంతకుముందు నేనేమన్న ముట్టిన్నా?"