పాలిష్ మేస్త్రి వేలిముద్రలు

పాలిష్ మేస్త్రి చేయి పడ్డ బల్ల మీద ఈగ వాలితే కాలు జారాల్సిందేనని ఫర్నిచర్ షాపులో అందరూ అనేవారు. వేళాకోళానికి అన్నా అందులో అబద్ధం పెద్దగా లేదు. బల్ల గానీ, బీరువా గానీ, ఎవరి తాతగారిదో చేతులు విరిగిన కుర్చీ గానీ, ఏదొచ్చినా ఆయన ముందు ముతక ఉప్పుకాగితంతో రుద్దుతాడు. తరవాత సన్నదానితో రుద్దుతాడు. ఆ తరవాత ఇంకా సన్నదానితో. అప్పుడు కళ్ళు మూసుకుని వేలికొసలతో చెక్కంతా నిమురుతాడు. కళ్ళెందుకు మూస్తావయ్యా అని అడిగితే, "కళ్ళకి కనబడనివి వేళ్ళకి దొరుకుతాయండీ" అంటాడు.

ముప్పై ఏళ్ళ పనితనం, మాటలా! మనిషి మెత్తనివాడే. నోట్లో నాలుక లేదంటారే, ఆ రకం. కానీ తడి పాలిష్ మీద ఎవరైనా వేలు పెట్టారో, అయిపోయారంతే. "ముద్ర! ముద్ర పడింది!" అని ఒంటికాలి మీద లేచేవాడు. షాపు యజమాని పెద్దాయన కూడా కొత్త పాలిష్ దగ్గరికి వస్తే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునే వచ్చేవాడు. ఒక వేలిముద్ర పడిందని బీరువా తలుపు మొత్తం మళ్ళీ గీకి మొదటి నుంచీ పాలిష్ పట్టిన ఘనుడు మన మేస్త్రి.

అలాంటి మనిషికి వేలిముద్రలతోనే వచ్చిపడింది తంటా.

ఈ దేశానికి వచ్చాక, నిండాల్సిన ఏళ్ళు నిండగానే, మేస్త్రీ ఆయన భార్యా కలిసి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నారు. అప్పటికి కూతురికి పన్నెండేళ్ళు. కిటికీ వెనకాల గుమాస్తా కాగితాలు తిరగేసి, "ఏడాదిన్నర పడుతుంది" అన్నాడు. ఏడాదిన్నరే కదా అని ముగ్గురూ నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. ఇప్పుడు ఆ పిల్లకి పద్దెనిమిదేళ్ళు నిండటానికి నలభై రోజులుంది, కాగితం మాత్రం రాలేదు. ఏడాదిన్నర అన్నవాడి నోట్లో ఏం పెట్టాలో మీరే చెప్పండి.

కాగితం రాకపోతే ఏమైందీ, తింటున్నారు, తిరుగుతున్నారు కదా అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళని ఆ ఇంట్లో నెల రోజులు ఉంచాలి. ఇల్లంటే లాండ్రీ మీద రెండు గదులు. సాయంత్రం కింద పెద్ద మిషన్లు తిరగడం మొదలైతే పైన కప్పులు సాసర్లలో గలగలలాడతాయి. ఇల్లు మారదామంటే చిరునామా మారుతుంది. చిరునామా మారితే ఫైలు వేరే ఆఫీసుకి పోతుంది. అక్కడ మళ్ళీ ఎన్నాళ్ళో! అందుకని కప్పులు పట్టుకుని కూచోవడం నేర్చుకున్నారు. ఫైలు నడుస్తుండగా దేశం దాటితే ఏమవుతుందో అన్న భయంతో, మేస్త్రి భార్య తోడబుట్టిన చెల్లెలి పెళ్ళిని ఫోనులో చూసింది. తాళి కట్టే సమయానికి బొమ్మ ఆగిపోయింది. ఆవిడ ఆ రోజంతా ఫోను పక్కనే కూచుని ఏడ్చింది. మేస్త్రి సంగతి సరేసరి. వీధిలో పురుగు కూడా లేకపోయినా ఎర్రదీపం పచ్చబడేదాకా కదలడు. మెట్ల మీద పోస్టు చప్పుడైతే చాలు, గుండె గుభేలుమంటుంది.

ఇంక ఆ ఇంట్లో ఏ మాట ఎత్తినా "కాగితం వచ్చాక" అనే జవాబు. కొత్త తెరలు, కాగితం వచ్చాక. భార్య పంటి నొప్పికి డాక్టరు, అదీ కాగితం వచ్చాకే. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే ఊళ్ళో వాళ్ళ బల్లలన్నీ అద్దాల్లా మెరిపించే మనిషి ఇంట్లో మూడు కాళ్ళ ప్లాస్టిక్ బల్ల. నాలుగో కాలు బదులు ఇటుకలు. మంచం కింద దుప్పట్లో చుట్టి నిఖార్సైన అక్రోటు చెక్క పలక ఉంది. షాపులో పాత కౌంటరు విప్పినప్పుడు పెద్దాయన ఇచ్చాడు. దాంతో భోజనాల బల్ల చెయ్యాలని మేస్త్రి ఆశ. ఎప్పుడూ అంటే, చెప్పాను కదా.

కూతుర్ని అందరూ సైరన్ అంటారు. పిలిస్తే మూడిళ్ళకి వినబడే గొంతు, దానికి తోడు చిన్నప్పటి నుంచీ ఫైరింజన్ పిచ్చి. ఆ పిచ్చి పెరిగి పెద్దదై అగ్నిమాపక శిక్షణ బడిలో చేరతానని కూచుంది. పరుగులో నెగ్గింది, నిచ్చెన పరీక్షలో నెగ్గింది. ఆ బడిలో పౌరులని మాత్రమే చేర్చుకుంటారు. తల్లిదండ్రులు ప్రమాణం చేసిన రోజుకి పిల్లకి పద్దెనిమిది నిండకపోతే వాళ్ళతో పాటే ఆమెకీ పౌరసత్వం వచ్చేస్తుంది. ఒక్క రోజు దాటినా రాదు, సొంతంగా దరఖాస్తు పెట్టుకుని వరస చివర నుంచోవాలి. ఆమె పుట్టినరోజు వచ్చే నెల పద్నాలుగు. ఇంట్లో గోడ మీది క్యాలెండరులో ఆ గడి వైపు చూడటానికి మేస్త్రికి ధైర్యం చాలేది కాదు.

అలాంటి రోజుల్లో ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మళ్ళీ వేలిముద్రలు ఇవ్వమని. ఇది మూడోసారి. ఇంతకుముందు రెండుసార్లూ రమ్మన్నారు గానీ ఎందుకో చెప్పలేదు. ఈసారి ఎవరో పుణ్యాత్ముడు ఒక వాక్యం ఎక్కువ రాశాడు. సైరన్ చదివి తెలుగులో చెప్పింది. "గతంలో తీసుకున్న ముద్రల్లో గీతలు కనబడలేదట నాన్నా. ముప్పై రోజుల్లో ఎప్పుడైనా వచ్చి ఇవ్వమంటున్నారు."

"కనబడకపోవడమేంటే? పది వేళ్ళూ పెట్టాను కదా!"

"ఏదీ, చూపించు." ఆమె తండ్రి చెయ్యి కిటికీ దగ్గర వెలుతురులోకి లాగింది. వేలికొసలు నున్నగా గాజుగోళీల్లా ఉన్నాయి. "ఉప్పుకాగితం పనికి అరగడం సరే. మరీ ఇంతా? ముద్రలకి వెళ్ళేముందు ఏమైనా చేశావా?"

మేస్త్రి ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "చెయ్యకుండా ఎలా వెళ్తాను? అది ప్రభుత్వం ఆఫీసు. నా వేళ్ళకి ఎప్పుడూ పాలిష్ మరకలుంటాయా, ఆ చేతులతో వెళ్తే ఏమనుకుంటారు? అందుకని ముందు రోజు స్పిరిట్‌తో కడిగి, అన్నిటికన్నా సన్న కాగితం తీసుకుని ఒక్కో వేలూ శుభ్రంగా..."

అక్కడికి వచ్చేసరికి ఆయనకే అర్థమైంది.

"ఏవండీ," అంది భార్య మెల్లిగా, "రెండుసార్లూనా?"

"రెండుసార్లూ," అన్నాడు మేస్త్రి.

సైరన్‌కి నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేక పగలబడి నవ్వింది. తల్లి ఆమె వీపు మీద ఒకటి వేసి తనూ నవ్వింది. మేస్త్రి ఒక్కడే నవ్వలేదు.

ఇక ఆ రోజు నుంచి ఇంట్లో సైరన్ రాజ్యం. వెంటనే వెళ్తే మళ్ళీ ముద్రలు పడవని, చర్మం తిరిగి రావాలని, ఇరవయ్యో రోజుకి ఆఫీసులో సమయం తీసుకుంది. ఉప్పుకాగితం ముట్టకూడదు. స్పిరిట్ వాసన కూడా చూడకూడదు. పొద్దున్నా సాయంత్రం వేళ్ళకి వాజలీను, పైన తెల్ల నూలు గ్లవ్స్. రోజూ హైస్కూలు నుంచి రాగానే భూతద్దం పెట్టి పదివేళ్ళూ తనిఖీ. ఆ ఇరవై రోజులూ మేస్త్రికి తలప్రాణం తోకకొచ్చింది. టీవీ రిమోటు పట్టుకున్నా "నాన్నా, వేళ్ళు!" అని కేక.

షాపులో ఇంకా ఘోరం. అప్పుడే పన్నెండు మంది కూచునే పెద్ద బల్ల వచ్చింది. దాన్ని పొడుగు మనిషి ఒకడికి అప్పగించారు. అందరూ అతన్ని నిచ్చెన అంటారు. మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని అతని వెనకే తిరిగేవాడు. "ఎడమ పక్క ఇంకా గరుకుంది. రాపిడి చప్పుడు వినబడట్లా?" అనేవాడు. నిచ్చెనకి ఒళ్ళు మండిపోయేది. పదకొండో రోజున అతను కాఫీకి వెళ్ళాక మేస్త్రి అటూ ఇటూ చూశాడు. వేళ్ళతో ముట్టకూడదు, ఒప్పుకున్నాడు. కానీ చెంపకి ఎవరూ అడ్డు చెప్పలేదు కదా! బల్ల మీదికి వంగి, కళ్ళు మూసుకుని, ఆ చివర నుంచి ఈ చివర దాకా చెంప ఆనించి జరపడం మొదలెట్టాడు. సరిగ్గా అప్పుడే బల్ల కొనుక్కున్నావిడ లోపలికి వచ్చింది. తెల్ల గ్లవ్స్ వేసుకున్న పెద్దమనిషి తన బల్లని ముద్దు చేస్తుంటే చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఎడమ పక్క గరుకుందమ్మా," అన్నాడు మేస్త్రి లేవకుండానే.

పన్నెండో రోజు సాయంత్రం భూతద్దంలో ఎడమ బొటనవేలి మీద వెంట్రుకంత సన్నటి గీతలు కనబడ్డాయి. "వచ్చాయి! నాన్నకి గీతలొచ్చాయి!" అని సైరన్ అరిచిన అరుపుకి కింద లాండ్రీవాళ్ళు ఏ మిషను పేలిందోనని పరిగెత్తుకుంటూ పైకొచ్చారు.

ఇరవయ్యో రోజు ఆఫీసులో మేస్త్రి గ్లవ్స్ విప్పి చేతులు ముందుకు చాపాడు. కుర్రగుమాస్తా ఒక్కో వేలూ పట్టుకుని గాజు పలక మీద నొక్కాడు. నొక్కినప్పుడల్లా పచ్చదీపం వెలిగింది. తొమ్మిది వెలిగాయి. కుడి చూపుడు వేలు మాత్రం ఎంత నొక్కినా లేదు.

"ఈ వేలికేమైంది?"

"దాంతోనే ముప్పై ఏళ్ళుగా చెక్క చూస్తున్నానండీ," అన్నాడు మేస్త్రి బిక్కమొహం వేసి.

కుర్రాడు నవ్వాడు. "తొమ్మిది చాలు. మీ ఫైలు రెండేళ్ళ నాలుగు నెలలుగా దీని కోసమే ఆగింది. మిగతావన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఇక ప్రమాణానికి పిలుస్తారు."

కుర్రాడు సంతోషంగానే చెప్పాడు. మేస్త్రికి మాత్రం బస్సులో కూచున్నాక గానీ ఆ మాట పూర్తిగా ఎక్కలేదు. రెండేళ్ళ నాలుగు నెలలు. తన పిల్ల పదహారు నిండకముందే అయిపోవాల్సిన పని. సన్న కాగితంతో, శుభ్రంగా, తన చేత్తో తనే అరగదీశాడు.

పుట్టినరోజు ఎనిమిది రోజులుందనగా ప్రమాణం ఉత్తరం వచ్చింది. తారీఖు పదిహేడు. మూడు రోజులు దాటిపోయింది.

మేస్త్రి పని మానేసి ఆఫీసుకి పరిగెత్తాడు. నోట్లో నాలుక లేని మనిషి ఆ రోజు గట్టిగా మాట్లాడాడు. "మూడంటే మూడు రోజులమ్మా! ముందుకి జరపండి. పదమూడున ఇంకో బృందం ఉంది కదా, ఓ మూల నుంచుంటాం." గాజు వెనకాలావిడ తల అడ్డంగా ఊపింది. జాబితా అచ్చయిపోయిందట. "మీ ఇద్దరికైతే వచ్చింది కదా, సంతోషించండి," అంది. ఆ మాటకి ఆవిడని ఏమనాలో మేస్త్రికి తోచలేదు. నాకు మాత్రం చాలా తోచాయి గానీ ఇక్కడ రాయకూడదు.

సైరన్ ఇంటికొచ్చేసరికి తండ్రి లాండ్రీ పక్క మెట్ల మీద కూచుని ఉన్నాడు. మిషన్లు తిరుగుతున్నాయి. ఆయన ఏడుస్తున్నాడు, దాచుకోవడం కూడా లేదు.

"నేనే పాడు చేశాను తల్లీ. నా చేత్తో నేనే."

ఆమె పక్కన కూచుంది. "ఇరవయ్యో రోజు అని రోజు ఎంచింది నేను. పదిహేనో రోజుకే గీతలు బాగా వచ్చాయి నాన్నా. అప్పుడే వెళ్ళుంటే అందేది. నేనే భయపడ్డాను."

"నీ తప్పేముందే!"

"మరి నీ తప్పేముంది? ఏడాదిన్నర అన్నది వాళ్ళు. ఎందుకు పిలుస్తున్నామో రెండుసార్లు చెప్పనిది వాళ్ళు. నువ్వు చేతులు కడుక్కున్నావ్, అంతే." ముక్కు ఎగబీల్చి అంది. "ఆ శిక్షణ బడిలో ఇరవై నాలుగేళ్ళ దాకా చేర్చుకుంటారు. ఇంకా ఆరేళ్ళుంది. మన లెక్క ప్రకారం సరిగ్గా సరిపోతుంది."

మేస్త్రికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాడు.

పదిహేడున హాల్లో మేస్త్రీ భార్యా కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశారు. వెనక చూడవచ్చినవాళ్ళ వరసలో సైరన్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. భార్య కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. మేస్త్రి చూపు మాత్రం ముందు కుర్చీ వీపు మీద ఉంది. దాని పాలిష్ దరిద్రంగా ఉంది.

ఇంటికి రాగానే బట్టలైనా మార్చకుండా మంచం కింది నుంచి పలక బయటికి లాగాడు. భార్య తెల్లబోయింది. "పిల్ల కాగితం వచ్చేదాకా ఆగుదామంటారేమో అనుకున్నాను."

"ఇంక దేనికీ ఆగేది లేదు," అన్నాడు. "నీ పన్ను కూడా రేపే చూపిద్దాం."

బల్ల తయారవడానికి మూడు వారాలు పట్టింది. అన్ని కాగితాలతోనూ రుద్దాడు, కళ్ళు మూసుకుని నిమిరాడు, పొర మీద పొర పాలిష్ పట్టాడు. ఆఖరి పొర వేసి ఇంకా ఆరకముందే సైరన్ చేతిలో ఉత్తరంతో గదిలోకి వచ్చింది. పుట్టినరోజు దాటగానే ఆమె పెట్టుకున్న సొంత దరఖాస్తుకి జవాబు. వేలిముద్రలకి రమ్మని.

"నావి పడతాయంటావా నాన్నా?" అంది. అంటూనే, ఆలోచించకుండా, పది వేళ్ళూ తీసుకెళ్ళి తడి పాలిష్ మీద నొక్కింది. మరుక్షణం నాలిక్కరుచుకుని చేతులు వెనక్కి లాక్కుంది. వంటింట్లో తల్లి ఊపిరి బిగపట్టింది, ఇక ఇల్లెగిరిపోతుందని.

మేస్త్రి బల్ల మీదికి వంగి చూశాడు. పదీ పడ్డాయి. ఒక్కో గీతా విడివిడిగా, చక్కగా, ఎక్కడా చెదరకుండా ఉంది.

పక్కనున్న గుడ్డ అందుకున్నాడు. దాంతో తన చేతులు తుడుచుకుని, పాలిష్ డబ్బాకి మూత పెట్టాడు.

ఆ బల్ల ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది. ఎవరైనా భోజనానికి వెళ్తే, కిటికీ వైపు కుర్చీ ముందు ఆ ముద్రలు కనబడతాయి. అక్కడ కంచం పెట్టబోతే మేస్త్రి కొంచెం పక్కకి జరపమంటాడు.