పోస్ట్‌డాక్‌కు ఒక సిఫారసు

పోస్ట్‌డాక్ అంటే ఏమిటో రెంటచింతలలో అందరికీ విడమరిచి చెప్పే పని నా మీద పడింది. నేను మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ణి. పదితో బడి మానేశాను. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. అక్కడి సైన్సు బీరువాలో నేను చదవని పుస్తకం లేదని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

మా పక్కింటి అమ్మాయి ఎండకు కాంక్రీటు ఎలా పగులుతుందో పరిశోధించి పీహెచ్‌డీ పూర్తి చేసింది. ఒక సాంకేతిక విశ్వవిద్యాలయంలో పోస్ట్‌డాక్ అవకాశం ఉందని దరఖాస్తు పెట్టింది. ఎంపికైతే రెండేళ్లు ఒక ప్రొఫెసర్ దగ్గర పరిశోధన, నెలనెలా ఫెలోషిప్. ఇంతే సంగతి. కానీ తండ్రి పోయాక ఆ ఇంట్లో మాట పెదనాన్నది. ఊళ్లో రాజకీయమూ ఆయనదే. ఆయన వద్దంటే ఆమె బస్సెక్కదు.

"డాక్టరేటు వచ్చిందని ఫ్లెక్సీ కట్టించా గదయ్యా. మళ్లీ చదువేంది? తప్పిందా ఏంది?" అన్నాడాయన నా షాపులో కూర్చుని.

"తప్పలేదన్నా. ఇది చదువు కాదు, పని. డాక్టరేటు ఉన్నోళ్లకే ఇస్తారు."

"పనైతే పర్మినెంటా?"

"కాదు, రెండేళ్లే."

"కాంట్రాక్టు పనా! చానా బాగుంది. దానికి మా పిల్ల అంత దూరం పోవాలా?"

చెప్పిన ప్రతిసారీ తలూపేవాడు. సాయంత్రానికి అదే మాట టీకొట్టు దగ్గర ఇంకోలా వినపడేది. "పాపం, ఏ సబ్జెక్టు పోయిందంట?" అని టీకొట్టాయన నన్నే అడిగాడు. ఒళ్లు మండి టీ తాగకుండానే వచ్చేశాను.

ఇంటర్వ్యూ లాప్‌టాప్‌లో. ఇన్వర్టర్ ఉందని ఆ అమ్మాయి నా షాపు వెనక గదిలో కూర్చుంది. సగంలో ఉండగా, పంపేదీ లేనిదీ ఇంకా తేల్చని పెదనాన్న ఇస్త్రీ చొక్కాతో వచ్చి, నేను ఆపేలోపే కెమెరా ముందు చేతులు జోడించాడు.

"నమస్కారం సార్. మా నాయకుడు లైన్లో ఉన్నాడు, ఒక్క నిమిషం మాట్లాడండి" అంటూ తన ఫోన్‌ను తెరకు ఆనించాడు.

ఆ అమ్మాయి చటుక్కున మైకు ఆపేసింది. "పెదనాన్నా, నువ్వు బయట కూర్చో." నేను చెయ్యి పట్టుకుని ఆయన్ను బయటికి తెచ్చాను.

"అంగన్‌వాడీ పోస్టుకే ఫోన్ చేయించాల. దీనికి అక్కర్లేదా? ఏం పుస్తకాలు చదివావయ్యా నువ్వు?" అన్నాడు.

కొన్నాళ్లకు ఎంపికైనట్టు మెయిల్ వచ్చింది. పెదనాన్న స్వీట్లు పంచాడు. "చూశావా? ఫోన్ కొట్టించా, వచ్చింది!"

"ఆ ఫోన్లో మాట వాళ్లు వినను కూడా..." అని మొదలుపెట్టాను. ఆ అమ్మాయి నన్ను పక్కకు లాగింది.

"ఊరుకో బాబాయ్. తను ఇప్పించిన పోస్టుకు తనే అడ్డం చెప్పలేడుగా."

నోరు మూసుకున్నాను. అది ఎంత కష్టమో నాకే తెలుసు. ఆయనే స్వయంగా కారులో తీసుకెళ్లి, సామాను మోసి, ఆమెను రైలెక్కించి వచ్చాడు.

మర్నాడు అచ్చంపేట నుంచి ఒకాయన మా షాపు మెట్లెక్కాడు. "పెద్దాయన పోస్ట్‌డాక్ ఇప్పిస్తాడంటగా. వివరాలు నిన్నడగమన్నాడు. మావోడిది ఇంటర్ అయింది."

చేతిలోని రాగి తీగ కింద పెట్టి, ఇంటర్ తరువాత ఏముంటుందో అక్కడి నుంచి మొదలుపెట్టాను.