తలకిందుల విందు

ఫ్రాన్సులోని దియెప్ రేవులో ఆన్సెల్మ్ సెలూన్ నడిచినన్నాళ్ళూ, ఏప్రిల్ ఒకటిన క్షవరం చేయించుకుని, అక్కడ ఏప్రిల్ ఫూల్ చేయడానికి అంటించే కాగితం చేప వీపు మీద లేకుండా బయటపడ్డ మగవాడు లేడు. ఒక ఏడాది రేవు గట్టున "ఈ రోజు సముద్రం కడుగుతున్నాం, అలలు రేపు" అని పలక వేలాడదీస్తే, గాలాలు పట్టుకొచ్చిన ఇద్దరు పెద్దమనుషులు తలలూపి ఇళ్ళకు తిరిగి వెళ్ళారట. నమ్మనివాళ్ళకు ఊళ్ళో ఇప్పటికీ ఆ గాలాలు చూపిస్తారు.

ఆ చేపలు కత్తిరించేదీ, ఆ పలక రాసిందీ అతని భార్య సొలాంజ్. సెలూన్ తువ్వాళ్ళు ఉతికి ఆరేసేదీ ఆమే. నవ్వులన్నీ అతని వాటాకు పోయేవి. ఆమెకు అదే ఇష్టం.

సెలూన్ అమ్మేసిన కొన్నేళ్ళకు, ఒక చలికాలంలో ఆన్సెల్మ్ కాఫీలో ఉప్పు వేసుకోవడం మొదలుపెట్టాడు. రొట్టెల డబ్బాలో చెప్పులు దొరికాయి. డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పి, తగ్గేది కాదన్నాడు. ఓ ఉదయం గడ్డం గీసుకుంటూ అతను చేయి ఆపాడు.

"సొలాంజ్, నాలోంచి ఏదో జారిపోతోంది. మనవాళ్ళకి తెలియనివ్వకు. నన్ను చూసి వాళ్ళు నవ్వాలి గాని జాలిపడకూడదు. మాటిస్తావా?"

ఆమె మాటిచ్చింది. ఆ రోజు నుంచి ఇంటికి ఎవరొచ్చినా ఆయనకు జలుబని గుమ్మంలోంచే పంపేసింది. కానీ మార్చి నెలాఖరున ఆన్సెల్మ్ చెల్లెలు హ్యుగెట్ గుమ్మం దగ్గర నిలబడి కదల్లేదు.

"ఏం వదినా, ఏటా పెట్టే ఏప్రిల్ ఒకటి విందు ఈసారి ఎగ్గొడదామనా? మా అన్నయ్యని దాచావా, అమ్మేశావా?"

"అమ్ముదామనే చూశా. కొనేవాళ్ళు లేరు" అంది సొలాంజ్. అలా అంటుండగానే ఆమెకు తట్టింది. ఏడాది మొత్తంలో ఆన్సెల్మ్ ఏం చేసినా సంజాయిషీ చెప్పక్కర్లేని రోజు అదొక్కటే.

వంటింట్లో కూర్చుని విందంతా తిరగేసింది. ముందు కాఫీ, చివర సూపు. కోట్లు లోపలివైపు బయటికి తొడుక్కోవాలి. ఎవరూ ఎవర్నీ అసలు పేరుతో పిలవకూడదు. నోరు జారినవాళ్ళు ఒక గుక్క వెనిగర్ తాగాలి. ఎటునుంచి చూసినా ఆ ఇంట్లో ఆన్సెల్మ్ తప్పు చేయడానికి సందు లేకుండా చూసుకుంది.

ఒకటో తారీఖున ఇల్లు నిండింది. చేపల వేలంపాట పాడే ఫెర్నాన్ వెనిగర్ తాగి తాగి మొహం ముడుచుకున్నాడు. ఆన్సెల్మ్ అతన్ని "నాన్నా" అన్నాడు, హ్యుగెట్‌ని "అమ్మా" అన్నాడు. చేతిరుమాలుకు వెన్న రాసి కొరికాడు.

"చూడండి, చూడండి, ఈ మొహంలో ఒక్క గీతైనా కదిలిందా?" అన్నాడు ఫెర్నాన్ కళ్ళు తుడుచుకుంటూ. "ఇలాంటోడు మళ్ళీ పుట్టడు."

సూపు వడ్డిస్తున్న సొలాంజ్ వైపు ఆన్సెల్మ్ మర్యాదగా తిరిగాడు. "బాగా వడ్డిస్తున్నావమ్మా. మా ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి పనిచేస్తున్నావు?"

బల్ల అదిరిపోయేలా నవ్వారు. నవ్వి, ఇక నీ వంతు అన్నట్టు అందరూ ఆమె వైపు చూశారు.

"ఈ రోజే చేరానండి" అంది సొలాంజ్. "జీతం ఇంకా మాట్లాడుకోలేదు."

మళ్ళీ నవ్వులు. అందరి మొహాలూ చూస్తూ ఆన్సెల్మ్ కూడా నవ్వాడు. ఆ చలికాలం మొదలైన దగ్గర్నుంచి అతను అంత హాయిగా ఉన్నది అప్పుడే. ఆమె ఇంకో గరిటె తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు తగ్గకుండా చాలాసేపు అక్కడే నిలబడింది.

మే మొదట్లో ఓ తెల్లవారుజామున పక్క ఖాళీగా కనిపించింది. వీధులన్నీ వెతికితే, తన పాత సెలూన్ ముందు ఇంటి తాళంచెవితో కుస్తీ పడుతూ దొరికాడు. అదిప్పుడు బూట్ల దుకాణం. చేయి పట్టుకుంటే "ఎవరు నువ్వు?" అని విదిలించుకున్నాడు. ఎలాగో ఇంటికి చేర్చి పడుకోబెట్టాక, ఇది ఇక తన ఒక్కదానివల్ల కాదని ఆమెకు తెలిసిపోయింది. ఇచ్చిన మాట పక్కన పెట్టి హ్యుగెట్ ఇంటికి వెళ్ళింది.

"మీ అన్నయ్యకి బాగోలేదు హ్యుగెట్. మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. నన్ను కూడా."

బంగాళాదుంపలు చెక్కుతున్న హ్యుగెట్ కత్తి పక్కన పెట్టి మరీ నవ్వింది. "నెల మారినా ఆపరా మీరు? అన్నయ్యే పంపాడు కదూ నిన్ను?"

"ఇది ఆట కాదు."

"తనూ అచ్చం ఇలాగే అంటాడు. మొన్న నన్ను అమ్మా అని ఎంత ముద్దుగా పిలిచాడో. వీధంతా చెప్పుకున్నాను వదినా. మా అన్నయ్యకి ముసలితనం రాలేదు, రాదు అని."

సొలాంజ్ ఆ నవ్వు మొహం చూసింది. జాలి లేదు అందులో. ఆన్సెల్మ్ అడిగింది ఇదే. ఇంకొక్క మాట గట్టిగా అంటే ఆ నవ్వు పోతుంది. మళ్ళీ ఎన్నటికీ రాదు.

"పట్టేశావు" అంది. "వెళ్తాను. బయట తాళం వేసి వచ్చాను."

"పట్టపగలు దొంగల భయమా?"

"అవును" అంటూ సొలాంజ్ కోటు గుండీలు పెట్టుకుంది.