మేము బతికించుకున్న కథానాయిక

ఆ రోజుల్లో ఆర్మూరులో వారపత్రిక ఇంటికొకటి కాదు, వాడకొకటి. మా వాడకు వచ్చే ఆ ఒక్కటీ మా ఇంటికే వచ్చేది కాబట్టి, పంతొమ్మిదేళ్ళకే నాకు సాహిత్యంలో గొప్ప హోదా ఉందని నమ్మేదాన్ని. (ఇంట్లో ఇంకెవరూ నమ్మేవారు కాదు.) పసుపు కాలంలో పదిమంది ఆడవాళ్ళు మా వాకిట్లో కొమ్ములు ఏరుతుంటే, నేను గడప మీద కూర్చుని సీరియల్ చదివి వినిపించేదాన్ని. వాళ్ళకు పెద్ద మైకవ్వ. అసలు పేరు వేరే ఉంది గానీ, ఆమె పిలిస్తే మైకు పెట్టినట్టు పక్కూరు పెర్కిట్ దాకా వినిపించేది.

ఒకవారం రచయిత కథానాయికను పడవలోంచి గోదావరిలో పడేసి, శవం కూడా దొరకలేదని రాసి, కింద ‘సమాప్తం’ అని వేసేశాడు. వాకిట్లో చేతులన్నీ ఆగిపోయాయి.

“గంతేనా?” అంది మైకవ్వ.

“గంతే అవ్వా. అయిపోయింది.”

“ఎట్లయిపోతది? జర సక్కగ సూడు, పేజీ తప్పినవేమో!”

అమ్మ సాయంత్రం దాకా ముక్కు చీదుతూనే ఉంది. మర్నాడు కూడా వాకిట్లో మాటా లేదు, పనీ లేదు. చూడలేక నోటుబుక్కు తీసి తర్వాతి భాగం నేనే రాసేశాను. నందిపేట వైపు ఒక బెస్తాయన ఆమెను ఒడ్డుకు లాగాడు. ఆమె కళ్ళు తెరిచి, అంబలి తాగి, బస్సెక్కి ఆర్మూరు వచ్చి పసుపు ఏరే పనిలో చేరింది. (రచయిత ఆమెను కారు దిగని జమీందారు బిడ్డగా పుట్టించాడు. ఈ పని ఎప్పుడు నేర్చిందని ఎవరూ అడగలేదు.)

“గా పిల్లను నా పక్కన కూసోబెట్టు బిడ్డా,” అంది మైకవ్వ. కూర్చోబెట్టాను. ఆ తర్వాత వారానికో భాగం. ఏర్గట్ల నుంచి వచ్చే ఒకామె కోడలు నోటుబుక్కు తీసుకుపోయి అంతా ఎత్తిరాసుకుంది కూడా.

ఆ రాతప్రతి తిరిగి తిరిగి, వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్న మా చిన్నాయన చేతిలో పడింది. ఆయన పత్రిక తెచ్చి చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు.

“గిదేంది? సదువు.”

“సర్వహక్కులు రచయితవి.”

“మరి? మనుషులు ఆయనోళ్ళు, పేర్లు ఆయనయి. పర్మిషన్ లేకుంట నువ్వు రాసుడు, గది ఊర్లు తిరుగుడు! కేసైతది బిడ్డా.”

నేను నోటుబుక్కు వెనక్కి దాచుకున్నాను. మైకవ్వ మాత్రం చేట పక్కన పెట్టి లేచింది. “సంపినోనికి లేని కేసు, బతికిచ్చినోళ్ళకు ఎట్లయితది?”

చిన్నాయన నెత్తి గోక్కున్నాడు. “చట్టం గట్ల సూడదవ్వా,” అన్నాడు మెల్లగా.

రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. నేరం మనమే ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని, నోటుబుక్కుతో సహా ఉత్తరం రాసి పత్రిక ద్వారా రచయితకు పంపించాను. మూడు వారాల తర్వాత నోటుబుక్కు తిరిగొచ్చింది, లోపల ఒక కార్డుతో. దాన్ని చిన్నాయన తీర్పు చదివినట్టు నిలబడి చదివాడు.

“అమ్మాయీ, హక్కులు నావే. అచ్చు వేయిస్తే ఊరుకోను. వాకిట్లో చదువుకుంటే నాకేం అభ్యంతరం? ఆమెను ముంచిన రోజు నేనూ భోజనం చేయలేదు. మీ ఊళ్ళో బతికుందని తెలిసి మనసు కుదుటపడింది. తర్వాత ఏమైందో రాసి పంపు.”

“మల్ల సదువు,” అంది మైకవ్వ. మూడుసార్లు చదివించుకుంది. ఆ వాకిట్లో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. చిన్నాయనే బెల్లం తెప్పించి అందరికీ పంచాడు. (తర్వాతి భాగంలో ఒక మంచి గుమాస్తాను పెట్టమని నా చెవిలో చెప్పాడు కూడా. పెట్టాను.)

ఇప్పుడు ఒక పేజీ రాయాలంటే ఎవరేమనుకుంటారోనని పదిసార్లు కొట్టేస్తాను. అప్పట్లో గడప మీద కూర్చున్న ఆ పంతొమ్మిదేళ్ళ పిల్లకు అలాంటి భయాలేవీ లేవు. ఎదురుగా పదిమంది దిగులుగా కూర్చుంటే చాలు, కలం తీసేది. ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. నిజం చెప్పొద్దూ, కాస్త ఈర్ష్య కూడా.