సీల్డు కవర్లో నల్ల ఉండ

మా మామగారు అప్పులు తీర్చలేక ఐ.పి. పెట్టినప్పుడు మా బాబుకి అయిదో నెల. రాజాంలో మా అత్తవారిది పసిపిల్లల కడుపునొప్పి మందు వ్యాపారం. మందు కాచేది అత్తగారు, అమ్మేది మామగారు, సీసాలకి రంగురంగుల లేబుళ్ళు వేయించబోయి మునిగిందీ ఆయనే. అప్పులవాళ్ళు సీసాలూ గంగాళాలూ జాబితా రాయించి, మందు తయారీ రహస్యం కూడా ఆస్తేనని శ్రీకాకుళం కోర్టులో వాదించారు. దాన్ని కాగితం మీద రాసి, సీలు వేసిన కవర్లో దాఖలు చెయ్యమన్నారు జడ్జిగారు. తన అనుమతి లేకుండా ఎవరూ విప్పకూడదన్నారు.

ఆ మాట విని ఇంట్లో సంబరపడింది నేనొక్కదాన్నే. ఆ మందు పావు చెంచా పడితే మా బాబు మూడు గంటలు కదలడు. అందరూ మురిసిపోయేవారు. నేను వాడి ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చునేదాన్ని. అందులో నల్లమందు కలుపుతున్నారని నా అనుమానం. ఏం వేస్తారని అడిగితే, "నీకు సెప్తే రేపు మీ కన్నోరింట్లో గంగాళం ఎక్కుతాది" అనేవారు అత్తగారు. ముప్పై ఏళ్ళుగా మొగుడికే చెప్పని మనిషి.

ఇప్పుడు తప్పలేదు. ఆవిడకి రాయడం రాదు, మామగారి రాత ఆయనకే అర్థం కాదు. బి.ఏ. చదివిన కోడలే దిక్కయింది. వంటింటి తలుపు గడియ వేసి చెప్పారు: వాము, సోంపు, వస, పంచదార పాకం. కొలతలన్నీ చారెడు, చిటికెడు. అక్కడ ఆగారు.

"ఇంకోటున్నాది. అది నువ్వు రాయక్కర్లేదు."

"రాయకపోతే కోర్టు ఒప్పుకోదు అత్తయ్యా."

"సరుకే ఇస్తాను. సరుకు కంటే రాత గొప్పదేటే?"

నాకు వీపు పెట్టి డబ్బాలోంచి ఏదో తీశారు. భుజం మీదుగా తొంగి చూశాను. నల్లటి ఉండ. నల్లమందే అనుకున్నాను. ఆవిడ దాన్ని పొట్లం కట్టి, నేను రాసిన కాగితంతో సహా కవర్లో పెట్టించి, సీసా మూతలకి వాడే లక్కతో అయిదు చోట్ల ముద్ర వేశారు.

ఆ రోజు నుంచి బాబుకి మందు నేనే పోస్తానని చెప్పి, పెరట్లో అరటిచెట్టు మొదట్లో పోసేదాన్ని. వాడు గుక్కపట్టి ఏడ్చేవాడు. అరటిచెట్టుకి మాత్రం ఒక్కరోజూ కడుపునొప్పి రాలేదు.

పది రోజులకి వాయిదాకి వెళ్ళొచ్చిన మామగారు అరుగు మీదే కూలబడ్డారు. కోర్టు బీరువాకి చీమలు పట్టాయట. బారులు తీరి మా కవర్లోకే దూరుతున్నాయట. ఇరుపక్షాల ప్లీడర్ల ఎదుట జడ్జిగారు దాన్ని విప్పించారు. పొట్లంలో ఉన్నది తాటిబెల్లం. పంచదార పాకమని చెప్పి అమ్ముతున్న దాంట్లో సగం అదే. ఆ ఆస్తి తమకి అక్కర్లేదని అప్పులవాళ్ళ ప్లీడరు నవ్వుతూ చెప్పేశాడట.

అత్తగారు సిగ్గుపడతారనుకున్నాను. "సీమల్ని ఆపలేనోళ్ళు సీలెందుకు ఎయ్యమన్నారు?" అన్నారు, తప్పంతా కోర్టుదే అయినట్టు.

నేను గుమ్మంలోంచి అడిగాను. "మావయ్యగారూ, ఆ చీమలు కదులుతున్నాయా, నిద్రపోతున్నాయా?"

ఇద్దరూ నన్ను ఎగాదిగా చూశారు.

"నిద్రేటమ్మా, జడ్జీగారి బల్లెక్కేసినాయి."

లోపల బాబు ఏడుస్తున్నాడు. చెంచా కడిగి తెచ్చాను. అరటిచెట్టు వైపు వెళ్ళలేదు. వాడు మూడు గంటలు నిద్రపోయాడు. ముక్కు దగ్గర వేలు పెట్టకుండా పక్కనే నేనూ పడుకున్నాను, మధ్యలో ఒక్కసారి తప్ప.