డిస్కు బ్రేకుకు ఆముదం

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథ చివర ఒక సైకిలు బంతిపూల తోటలో పడుతుంది. దాని మీద మా తమ్ముడు ఉంటాడు. బ్రేకులు బిగించింది నేను. ఇంత తెలిశాక కూడా చదువుతానంటే మీ ఇష్టం. నవ్వొస్తే నవ్వేయండి. మా ఊరంతా నవ్వింది, మీరొక్కరు మిగిలిపోవడం ఎందుకు?

అప్పట్లో నేను హోసూరులో ఒక బండ్ల ఫ్యాక్టరీలో కొత్తగా చేరాను. పని బ్రేకుల లైనులో. బ్రేకుల లైను అనగానే మీకు ఏమనిపించిందో మా ఊరికీ అదే అనిపించింది. మత్తూరు దగ్గర రాగులు, టమాటాలు పండించుకునే చిన్న ఊరు మాది. సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు దిగి నీలం చొక్కాతో నడిచి వస్తుంటే మోపెడ్లు ఆపి మరీ అడిగేవాళ్లు.

“మంజులమ్మా, బ్రేకు పట్టడం లే, రవంత చూడమ్మా.”

నేను వంగి, కనుబొమలు ముడిచి, పెద్ద డాక్టరులా నిట్టూర్చి, “వైరు లూజైండాదప్పా, టైటు చేయించు” అనేదాన్ని. ఆ వైరు ఎక్కడుంటుందో నాకు తెలియదు. మా నాయన అయితే టీ అంగట్లో కూర్చుని, “నా కూతురు ఒక దినం లీవు పెడితే హోసూరులో యా బండీ ఆగదప్పా” అని చాటేవాడు. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమట. మా ఊళ్లో ఆ వృక్షం నేనే. నా నీడన కూర్చున్నవాళ్ల గతి ఏమైందో ముందు ముందు చూస్తారు.

మీకు మాత్రం నిజం చెబుతాను. లైనులో నా పని ఒక బోల్టు. ఒకే ఒక్క బోల్టు. డిస్కు బ్రేకులో చక్రంతోపాటు తిరిగే పళ్లెంలాంటి రేకు ఉంటుంది. దాన్ని రెండు పక్కలా పట్టుకుని ఆపే ఇనుప దవడ పేరు కాలిపర్. ఆ కాలిపర్‌ను బండికి బిగించడానికి రెండు బోల్టులు. పైది నాది, కిందిది నా పక్కన నిలబడేవాళ్లది. గాలితో నడిచే గన్ను బోల్టు మీద పెట్టి నొక్కితే చాలు, సరిపడా బిగిశాక అదే ‘టక్’మని ఆగిపోతుంది. కాలిపర్ పక్కకు జరగకుండా ఒక ఇనుప అచ్చు పట్టుకుని ఉంటుంది. అంటే తెలివంతా గన్నుకూ అచ్చుకూ ఉంది. నాకున్నది నీలం చొక్కా.

ఇక మా తమ్ముడు సురేశ. పన్నెండో తరగతి అప్పుడే ముగించాడు. వాడికి సైకిలు పిచ్చి. ఎవరో వాడి వదిలేసిన మౌంటెన్ సైకిలు కొనుక్కుని రాయకోట కొండదారుల్లో ఎక్కడం, దిగడం, మోకాళ్లు చీరుకోవడం, ఇదే పని. కృష్ణగిరి జిల్లా జట్టుకు ఎంపిక పోటీ పెడుతున్నారని తెలిసింది. జట్టులోకి వస్తే ఆటల కోటాలో కాలేజీ సీటు, హాస్టలు. రాకపోతే చదువు అక్కడితో సరి. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, కానీ అందరికీ తెలుసు. వాడు ఎండలో మామిడి తోటల్లో కాయలు మోసి, ఆ డబ్బుతో కొత్త డిస్కు బ్రేకులు తెప్పించుకున్నాడు.

“హోసూరులో సైకిలంగడికి పోయి బిగించుకోని వస్తానక్కా” అన్నాడు.

“అంగడికా? ఇంట్లో నన్ను పెట్టుకోని అంగడికి పోతావా? ఊళ్లో తెలిస్తే నా మొగం యాడ పెట్టుకునేది?”

చూశారా, వాడి చదువు ఒక పక్క, నా మొగం ఒక పక్క. తక్కెడ ఎటు మొగ్గిందో చెప్పనక్కర్లేదు.

పోటీకి ముందురోజు నాకు సెలవు. పెరట్లో సైకిలును తలకిందులు చేశాం. మా అవ్వ అరుగు మీద కూర్చుని ఆకు వక్క నములుతోంది. నేను స్పానరు పట్టుకుని, పై బోల్టు పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పోసి బిగించాను. నోటితో ‘టక్’ అన్నాను. గన్ను లేదు కదా, ఎవరో ఒకరు అనాలి. తరువాత అలవాటుగా ఒక అడుగు పక్కకు జరిగి, రాబోయే బండి కోసం చూశాను.

“అక్కా, కింద బోల్టు?” అన్నాడు సురేశ.

“తెలుసురా, గమ్మునుండు.”

“నేను ఫోనులో చూసిన వీడియోలో ఇట్ల చెప్పలేదక్కా. రెండు బోల్టులూ లూజుగా పెట్టి, బ్రేకు గట్టిగా పట్టుకోని, ఇది రవంత అది రవంత బిగించల్లంట. అప్పుడే రేకు నడిమధ్యలో నిలబడేదంట.”

“వీడియో చేసినోడు యా ఫ్యాక్టరీలో చేస్తాడు?”

“తెలీదక్కా.”

“మరి?”

ఈ ‘మరి’కి ఎదురు చెప్పినవాడు మా ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు. కింది బోల్టు కూడా బిగించేశాను. కాలిపర్ మెడ పట్టేసినట్టు ఒక పక్కకు వాలింది. చక్రం తిప్పగానే కీ...చ్ అని ఒక అరుపు. వీధిలో పడుకున్న కుక్క లేచి, మా వైపు ఒకసారి చూసి, వేరే వీధికి వెళ్లిపోయింది.

సురేశ వంగి, రేకుకూ దవడకూ మధ్య ఒక కన్ను పెట్టి చూశాడు. “ఈ పక్క వెలుతురు కనపడతా ఉండాది, ఆ పక్క లేదక్కా. అంటుకోని ఉండాది. విప్పి మళ్లీ పెడదాం.”

విప్పడమా? విప్పితే నేను తప్పు చేశానని ఒప్పుకున్నట్టే కదా. అదే సమయానికి అరుగు మీద నుంచి అవ్వ గొంతు సవరించుకుంది.

“ఏమ్మే, అదీ బండే గదా? మా కాలంలో ఇరుసు అరిస్తే ఆముదం పోస్తా ఉంటిమి. సంతకు పోయొచ్చేదాకా నోరెత్తేది కాదు.”

“అవ్వా, బ్రేకుకు నూనె తగలనే కూడదంట!” సురేశకు ఏడుపు ఒక్కటే తక్కువ.

“యాడ విన్నావురా?” అన్నాను.

“వీడియోలో.”

“అవ్వ బండి తోలేటప్పుడు నీ వీడియో ఉన్నిందా?”

ఆముదం సీసా వచ్చింది. పోశాను. అరుపు ఆగిపోయింది! నా ఆనందం అడక్కండి. మంచి పని సగంలో వదలకూడదని రెండో చక్రానికీ అలాగే బ్రేకు బిగించి, ధారాళంగా పోశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను మందు కూడా వేయలేదు, ఆముదం పట్టించాను.

“తొక్కి చూడు” అన్నాను. వాడు పెరట్లో ఒక చుట్టు కొట్టి, బ్రేకు నొక్కి, అలాగే వెళ్లి గడ్డివామిలో దూరాడు.

“ఆగింది గదా?”

“వామి ఆపిందక్కా.”

“కొత్త బ్రేకురా. నాలుగు సార్లు నొక్కితే అదే పడుతుంది.”

కొత్త బ్రేకు కుదురుకోవడానికి కొంత సమయం పడుతుందని ఆ వీడియోలోనూ చెప్పారట. నా దరిద్రం, అది ఒక్కటే నాతో ఏకీభవించింది. సురేశ గడ్డి దులుపుకుంటూ నా ముఖంలోకి చూశాడు. “దినమ్మూ నువ్వు చేసే పనే గదక్కా. నీకు తెలీకుండా ఉంటుందా” అన్నాడు. అప్పుడు ఆ మాటకు పొంగిపోయాను.

మరునాడు పోటీలో దిగుడు దారి చివర, మలుపు దగ్గర నిలబడ్డాను. చుట్టూ జనం. పైన మొదట కనిపించిన సైకిలు మా వాడిదే. వెనక ఎవరూ దరిదాపుల్లో లేరు. నేను ఊరుకుంటానా? అటు తిరిగి, ఇటు తిరిగి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. “ముందు వస్తా ఉండేది మా తమ్ముడు. బ్రేకులు నేనే బిగించినాను!”

“అక్కా!” అని పైనుంచి కేక వేశాడు.

ఎంత ప్రేమో చూడండి అనుకుని చెయ్యి ఊపాను.

“అక్కా! అక్కా!”

రెండు చేతులూ ఊపాను. సైకిలు నా ముందు నుంచి రయ్యిమని పోయింది. మలుపు తిరగలేదు. దారి అటు తిరిగితే వాడు ఇటు, కంచె తెంచుకుని బంతిపూల తోటలోకి పోయాడు.

తోట యజమానురాలు గంప పారేసి పరుగెత్తుకొచ్చింది. “ఎవురప్పా నువ్వు? రేపు కోసేకి పెట్టుకోనుండే పూలప్పా అవి!” సురేశ లేచి నిలబడ్డాడు. తల మీద బంతిపూలు, మెడలో బంతి కొమ్మలు, సన్మానం చేయించుకున్న నాయకుడిలా ఉన్నాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. మీరూ నవ్వండి, పర్వాలేదు. వాడి కుడి మణికట్టు మాత్రం వేలాడుతోంది. వెనక వచ్చినవాళ్లు ఒక్కొక్కరే మలుపు తిరిగి వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు.

పోటీ నడిపే ఆయన వచ్చి, రేకు మీద వేలు పెట్టి, వాసన చూశాడు.

“ఆముదమా? దీనికి ఆముదం పోసిందెవరు? ఈ బ్రేకు బిగించిందెవరు?”

నా పక్కన ఉన్నవాళ్లంతా నావైపు తిరిగారు. తిరగరా మరి? ఊరూ వాడా ఏకం చేసి చెప్పిన నోరు కదా. ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

“నేనే సార్” అన్నాడు సురేశ.

చేతికి కట్టు విప్పేసరికి సీట్లన్నీ నిండిపోయాయి. ఊళ్లో నా కోసం మోపెడ్లు ఆగడం మానేశాయి. ఆగినా, “మంజులమ్మా, ఆముదం ఉండాదా?” అని అడగడానికే. నాయన టీ అంగడి మార్చాడు. సురేశ మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అందుకని, ఆముదం సీసా మీద చెయ్యి వేసి, అవ్వ సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇక కింది బోల్టు ముట్టుకోను. ఇప్పటిదాకా తప్పలేదు. తప్పుదామన్నా వీలు లేదు. లైనులో నా పక్కన నిలబడి కింది బోల్టు బిగించేది ఇప్పుడు మా సురేశే. నాది ‘టక్’మన్నాక బండి వాడి ముందుకు జరుగుతుంది. వాడు వంగి, రేకుకూ దవడకూ మధ్య ఒక కన్ను పెట్టి వెలుతురు చూసుకుని, అప్పుడు గన్ను పెడతాడు. అచ్చు పట్టుకుని ఉంటుంది కాబట్టి అక్కడ ఎవరూ చూడనక్కర్లేదు. అయినా వాడు నా తరువాత ప్రతి బండికీ చూస్తాడు.